ఆకాశంలో తువ్వాల

గూడూరు బస్టాండులో వాకాడు బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాల లోపల పడాలి. మా వైపు అది రాజ్యాంగం. తువ్వాల పడిన సీటు తువ్వాల వేసినవాడిది. తువ్వాల లేనివాడు చేతిసంచి వేస్తాడు. సంచి కూడా లేనివాడు చంకలోని పిల్లవాణ్ణి కిటికీలోంచి లోపల దించి, వాడి వెనకాలే తలుపు దగ్గర తొక్కిసలాటలో దిగుతాడు. ఈ చట్టాన్ని ఏ శాసనసభా చేయలేదు, ఏ కోర్టూ కొట్టేయలేదు. కండక్టరు కూడా తువ్వాలకు గౌరవం ఇచ్చి పక్క సీటు చూపిస్తాడు.

ఇంత యుద్ధం చేసి గెలిచిన కిటికీ పక్కన కూర్చుని మావాళ్ళు చేసే పని ఒకటే. నిద్ర. విద్యానగర్ వచ్చేలోపు తల కమ్మీకి ఆనుతుంది, కోట వచ్చేలోపు గురక మొదలవుతుంది. పక్కన పచ్చటి వరిమళ్ళు పోతుంటాయి, రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతుంటాయి, కొంగలు లేస్తుంటాయి. చూసేవాడు ఎవరంటే మధ్యలో నిలబడి, కమ్మీ పట్టుకుని, నడుం వంచి వంచి చూస్తున్న సీటు లేనివాడు.

ఈమధ్య ఆ తువ్వాల ఆకాశానికి ఎగిరింది.

మా మేనమామ కూతురు చికాగోలో ఉంది. నెల తప్పింది. పురుడు పోయడానికి అత్త వెళ్ళాలి, అత్త వెంట సామాను వెళ్ళాలి, సామాను వెంట మామ వెళ్ళాలి. ఇంటిల్లిపాదికీ ఆవకాయ సీసాలు కారతాయేమో, మలైకాజాలు నలుగుతాయేమో అని దిగులు. మామకు ఒకటే దిగులు.

"ఒరే అల్లుడా, నాకు కిటికీ కాడ సీటు కావాల. అంతసేపు గోడకు మొగం బెట్టుకోని నేను కూసోలేను. ఆ సీటు లేదంటే మీ అత్తనొక్కదాన్నే పంపీండి."

గోడ అనే మాట ఆయన నోటి వెంట ఏ ముహూర్తాన వచ్చిందో గానీ, తథాస్తు దేవతలు ఆ రోజు వాకాడు మీదుగానే పోతున్నారు.

టీ అంగడిలో సభ తీరింది. ఒకాయన "డ్రైవరు ఎనక సీటు అడుగు మామా, కుదుపుండదు" అన్నాడు. ఇంకొకాయన "రెక్క మీద తీసుకో, గట్టిగా ఉంటది" అన్నాడు. రెక్క మీద సీటు తీసుకుంటే రెక్కే కనపడుతుందని, కొనేది రెక్క వడ్డించిన విస్తరి అని వాళ్ళకు తెలియదు. అందరిలోకీ అసలు మాట చెప్పింది రిటైరయిన భూగోళం పంతులుగారు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చేత్తో గాల్లో దిక్కులు గీసి చెప్పాడు: "పోయేది పడమటికి. పడమటికి మొహం పెడితే దక్షిణం ఎడమ చేతి పక్కుంటుంది. మన అర్ధగోళంలో పొద్దు చాలామట్టుకు దక్షిణపు వాలులోనే తిరుగుతుంది. ఎడమ పక్క కూర్చుంటే ఎండ కళ్ళల్లో కొడుతుంది. కుడి పక్క కూర్చో. రెక్కకు ముందు కూర్చో, లేదంటే బాగా వెనక కూర్చో. ఇంజిన్ వెనకనే కూర్చుంటే వేడిగాలికి అద్దంలో లోకం నీళ్ళల్లో కదిలినట్టు కదులుతుంది." ఈ నాలుగు ముక్కలు చెప్పడానికే పట్నాల్లో పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తారు. మా పంతులుగారు ఒక టీకి చెప్పాడు, అదీ అప్పు రాయించి.

మామ అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు. "అదంతా బానే ఉండాది. మనూరు ఏ పక్క కనపడతది?"

సభ నిశ్శబ్దమైపోయింది.

చూడాల్సింది చికాగో కాదు. దారిలో మంచుకొండలూ కాదు. అరవై ఎనిమిదేళ్ళుగా రోజూ చూస్తున్న వాకాడునే పైనుంచి ఒకసారి చూడాలని మామ కోరిక. లెక్కకు అందని కోరిక కూడా కాదు. 35,000 అడుగుల ఎత్తు నుంచి చూస్తే దిగంతం దాదాపు 370 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మద్రాసు నుంచి మా ఊరు వంద కిలోమీటర్ల పైచిలుకు. లెక్కప్రకారం కనపడాలి. కానీ చికాగోకు గల్ఫ్ మీదుగా పోవాలి. గల్ఫ్ వెళ్ళే విమానం మద్రాసులో లేచి పడమటి దారి పడుతుంది, మా ఊరేమో ఉత్తరాన ఉంది. పైగా అది తెల్లవారుజామున కోడి కూయకముందు లేచే విమానం.

"చీకట్లో ఏం కనపడుతుంది మామా?"

"రొయ్యల గుంటల కాడ లైట్లుండవా ఏంది?"

దీనికి భూగోళంలో జవాబు లేదు.

అయినా మద్రాసు దాకా పోయి విమానం ఎక్కాల్సిన ఖర్మ మాకెందుకని మామ బాధ. ఆ బాధ వెనక నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. మా మండలంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1626 నాటికే కోఠీ పెట్టారు. ఆర్మగాన్ అని పిలిచారు. స్థలం ఇప్పించడంలో సాయపడిన ఆర్ముగం మొదలియార్ పేరే అలా తిరిగిందంటారు. తరవాత ఆ కోఠీకి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే తీరం వెంట దక్షిణానికి పోయి, దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర 1639లో చెన్నపట్నం ఇసుక నేల సంపాదించాడు. మరుసటి ఏడు కోఠీ మూటా ముల్లె అక్కడికి మారిపోయింది. అక్కడ బట్ట చౌక అని కంపెనీకి చెప్పాడు. పక్కనున్న శాంథోమ్‌లో ఆయన ప్రియురాలు ఉందనీ, చౌక మాట ఉత్తదేననీ చరిత్ర పుస్తకాల్లోనే గుసగుస ఉంది. ఏదయితేనేం, ఇంగ్లీషువాడు మా సీటులో వేసిన తువ్వాల తీసుకుపోయి మద్రాసు సీటులో వేశాడు. ఆయనకు మా సముద్రం నచ్చి ఉంటే ఇవాళ మీనంబాక్కం వాళ్ళు వాకాడు వచ్చి విమానం ఎక్కేవాళ్ళు.

మాకు దగ్గర్లో విమానాశ్రయం లేదని ఎవరన్నారు? దగదర్తిలో ఉంది. పునాదిరాయి రూపంలో ఉంది. 2019లో వేశారు. ఇక ఆకాశం సంగతంటారా, మా పక్కనే శ్రీహరికోట. 1971 అక్టోబరులో చిన్న రోహిణి రాకెట్‌తో మొదలుపెట్టింది. అలాంటి చిన్నవాటిని వదిలేసి పెద్ద రాకెట్లే లెక్కేసినా 2025 జనవరి 29 నాటికి వంద ప్రయోగాలు పూర్తి చేసింది. రాకెట్ లేచే రోజు మా ఊళ్ళో మేడ ఉన్న ప్రతివాడికీ ఉచితంగా మొదటి తరగతి సీటు. మా ఆకాశంలోంచి చంద్రుడి దాకా పోయారు, అంగారకుడి దాకా పోయారు. చికాగో పోవాలంటే మాత్రం గూడూరు బస్సెక్కాలి.

సరే, మామ కూతురి మొగుడు చికాగోలో కూర్చుని సీటు పటం తెరిచాడు. విమానం సీటు పటం అనేది పెళ్ళిసంబంధాల ఫోటోలాంటిది. అందులో అన్నీ బాగుంటాయి. ఎ, బి, సి అని ఎడమ నుంచి మొదలయి పెద్ద విమానంలో కె దాకా పోతుంది. మధ్యలో ఐ ఉండదు, ఒకటి అంకె అనుకుంటారని తీసేశారు. చిన్న విమానంలో చివరి అక్షరం ఎఫ్. కిటికీకి ఒక రేటు, కాళ్ళు చాపుకోవడానికి ఒక రేటు, ఏ రేటూ కట్టనివాడికి ఇద్దరి మధ్య బి. పంతులుగారి సిద్ధాంతం ప్రకారం కుడి పక్క, రెక్కకు ముందు, మొదటి విమానంలో ఒక ఎఫ్, రెండో విమానంలో ఒక కె కొన్నాడు. రెండు సీట్లకు కట్టిన డబ్బుతో గూడూరు వాకాడు బస్సులో మామ ఏడాదంతా తిరగొచ్చు. తువ్వాల ఖర్చు అదనం.

మద్రాసు విమానాశ్రయంలో ఇద్దరినీ చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టాం. కాళ్ళు బాగానే ఉన్నాయి. పొద్దున రొయ్యల గుంట గట్టు మీద మూడు మైళ్ళు నడిచే కాళ్ళు. నడవనిది ఇంగ్లీషు. అమెరికా వెళ్ళే తెలుగు తల్లిదండ్రులందరికీ ఉన్న జబ్బే అది, దానికి చక్రాల కుర్చీయే మందు. ముందూ వెనకా ఇంకో పాతిక కుర్చీలు. అందరూ ఒకరినొకరు చూసి మోకాళ్ళు పట్టుకున్నారు.

మామ విమానం ఎక్కాడు. వరస వెతుక్కున్నాడు. ఎఫ్ వెతుక్కున్నాడు. కూర్చున్నాడు, నడుముకు పట్టీ బిగించాడు, తువ్వాలతో మొహం తుడుచుకుని, ఊరు చూడటానికి కుడి పక్కకు తిరిగాడు.

గోడ.

బూడిదరంగు ప్లాస్టిక్ గోడ. ముందు సీటువాడికి కిటికీ ఉంది. వెనక సీటువాడికి కిటికీ ఉంది. మామకు నున్నటి గోడ ఉంది. తలుపు జారుతుందేమోనని అరచేత్తో తోశాడు. గోళ్ళతో అంచు వెతికాడు. వేలు మడిచి తట్టి చూశాడు, కొబ్బరికాయలో నీళ్ళున్నాయా అని చూసినట్టు. చివరకు విమానం అమ్మాయిని పిలిచి "అమ్మా, నా కిటికీ యాడ?" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి నారింజరసం ఇచ్చింది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. 737 రకం విమానాల్లో చల్లగాలి యంత్రం పొట్ట కింద ఉంటుంది. గాలి కప్పు దాకా ఎక్కాలంటే గొట్టం గోడలోంచే పోవాలి. అది పోయే చోట, రెక్కకు కాస్త ముందు, కిటికీ పెట్టడానికి చోటుండదు. ఐరోపాలో రయానెయిర్ విమానాల్లో 11ఎ సీటులో కూర్చున్నవాళ్ళు గోడ ఫోటోలు పెట్టీ పెట్టీ ఆ సీటుకు లోకమంతా పేరు తెచ్చారు. విమానం ఇంజనీరుకు తెలుసు, సంస్థకు తెలుసు, ఆ గొట్టానికీ తెలుసు. పటానికి మాత్రం తెలియదు. విమాన భాషలో కిటికీ సీటు అంటే కిటికీ ఉన్న సీటు కాదు, గోడ పక్క సీటు. గోడలో కిటికీ ఉంటే మీ అదృష్టం.

మామ గల్ఫ్ దాకా ఆ గొట్టం మోత వింటూ పోయాడు.

రెండో విమానం డ్రీమ్‌లైనర్. ఈసారి కిటికీ ఉంది. అదీ మామూలు కిటికీ కాదు, జానెడు వెడల్పు, రెండు జానల పొడవు. డబ్బుకు తగ్గ సరుకు ఇచ్చారని మామ సంతోషించాడు. కిందికి లాగే తెర మాత్రం లేదు. దాని బదులు అద్దం కింద ఒక మీట. నొక్కితే అద్దం నెమ్మదిగా నీలమెక్కి చీకటవుతుంది. ఆ మీట చేతిలో ఉందనుకోవడం ప్రయాణికుడి భ్రమ. అసలు మీట సిబ్బంది దగ్గరుంటుంది. అన్నాలు పెట్టి, ప్లేట్లు తీసి, ఒక్క మీటతో విమానం మొత్తానికి అర్ధరాత్రి చేశారు. బయట మిట్టమధ్యాహ్నం. లోపల మూడు వందల మంది ఎవరి తెరలో వాళ్ళు సినిమా చూస్తున్నారు. కిటికీ పక్కవాళ్ళందరూ కూడా. డబ్బు కట్టి కొన్న దృశ్యానికి వీపు పెట్టి, ఊళ్ళో చూసిన సినిమానే మళ్ళీ చూస్తున్నారు. వాళ్ళు దృశ్యం వాడుకున్నది ఒక్కసారే. రెక్కను ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడానికి. దేశంలో సగం స్టేటస్‌ల్లో ఉండేది ఒకటే రెక్క. ఎవరి రెక్కో ఎవరికీ తెలియదు.

మామ మాత్రం ఆ నీలపు అద్దానికే కళ్ళు ఆనించాడు. ఆకాశం నీలిమందులో ముంచి తీసిన పళ్ళెంలా ఉందట. ఎంతోసేపటికి కింద తెల్లగా, చీలికలు చీలికలుగా, అంతులేని నేల వచ్చింది. గ్రీన్‌లాండ్. అత్తను లేపాడు. "ఇదిగో, జూడు. మన తీరం ఉప్పుమళ్ళే. కాకపోతే ఎవురూ ఎత్తలా." అత్త ఒక కన్ను తెరిచి, "ఆవకాయ సంచి మీద యాడన్నా బరువు బెట్టినారేమో" అని మళ్ళీ మూసింది.

కిటికీ సీటుకు ఇంకో ధర కూడా ఉంది, అది పటంలో రాయరు. మామకు షుగరు. గంటన్నరకోసారి లేవాలి. లేచినప్పుడల్లా నిద్రపోతున్న ఇద్దరిని లేపాలి. ఒకరు అత్త, రెండో ఆయన ఎవరో పెద్దమనిషి. మూడోసారికి ఆ పెద్దమనిషి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఇంగ్లీషు రాకపోవడం మంచిదని మామకు అప్పుడు తెలిసింది. కిటికీ కావాలనేవాడు వయసు, చక్కెర, పక్కవాడి ఓపిక మూడూ చూసుకుని తువ్వాల వేయాలి.

చూడటానికి కొన్నవాడికి చూపు దక్కకపోవడం మామ ఒక్కడి కథ కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా, దాదాపు 16,000 కిలోమీటర్లు వచ్చింది. నడిపిన నలుగురూ మహిళలే. జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ నలుగురిలో పాపగారి తన్మయి ఒకరు. గర్వించాల్సిన సంగతే. ధ్రువం మీద కిటికీ సీటులో కూర్చున్నవాళ్ళకు మాత్రం ఏం కనపడి ఉంటుంది? జనవరిలో అక్కడ పగలన్నదే ఉండదు. నెలల తరబడి ఒకటే రాత్రి. భూమికి కొప్పు మీదుగా పోతూ కొప్పు చూడలేని ప్రయాణం. ఇక 2025 మే నెలలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇంకో ముచ్చట చేసింది. సైనిక విమానాశ్రయాల్లో, ముఖ్యంగా పడమటి సరిహద్దు దగ్గర, విమానం లేచి 10,000 అడుగులు దాటేదాకా, దిగేటప్పుడు అంతకు కిందికి వచ్చినప్పటి నుంచి, కిటికీ తెరలు మూసి ఉంచాలంది. భద్రత కోసం, కాదనలేం. కానీ పల్లెలు, చెరువులు, ఎవరి ఊరు వాళ్ళకు కనపడేది సరిగ్గా ఆ ఎత్తులోనే. ఆ తరవాత కనపడేది మబ్బు.

మామ మనవరాలిని ఎత్తుకుని, ఆరు నెలలుండి, తిరిగొచ్చాడు. వాకాడు మాత్రం పైనుంచి చూడలేదు. ఆ వెలితి నడుముకు కట్టుకుని తిరుగుతుండగా విశాఖపట్నంలో పెళ్ళి వచ్చింది. ఈసారి పంతులుగారిని అడగలేదు. మద్రాసు నుంచి విశాఖకు పోవడమంటే ఉత్తరానికి పోవడం, ఉత్తరానికి మొహం పెడితే సముద్రం కుడి చేతి పక్క, నేల ఎడమ చేతి పక్క అని తనే గీసుకున్నాడు. పగటి విమానం, ఎ సీటు, రెక్కకు బాగా వెనక. ఎక్కగానే ముందు గోడ తడిమి చూశాడు. కిటికీ ఉంది.

అద్దం అడుగున సూదిమొన అంత బెజ్జం ఉంది. విమానం పైకెక్కాక దాని చుట్టూ వేలిగోరంత మంచుపువ్వు పూసింది. మామ గుండె ఝల్లుమంది, విమానానికి బొక్క పడిందని. పడలేదు, కావాలనే పెడతారు. కిటికీలో మూడు పలకలుంటాయి. బయటి పలక గాలి ఒత్తిడి మోస్తుంది. మధ్య పలకలో ఆ బెజ్జం ఒత్తిడి సర్దుతుంది, అద్దానికి ఆవిరి పట్టకుండా చూస్తుంది. లోపలిది మామలాంటి వాళ్ళు తడిమి గీకడానికి.

మద్రాసు వెనక్కి పోగానే పులికాట్ వచ్చింది. పరిచిన తగరపు రేకులా ఉందట. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు నీళ్ళ మధ్య వేసిన రోడ్డు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయింది. ఫ్లెమింగోలు ఉన్నాయేమోనని గులాబీ రంగు మచ్చ కోసం వెతికాడు, కనపడలేదు. ఆ తరవాత గుంటలు. చదరంగం గళ్ళలా రొయ్యల గుంటలు, ఒకటి పచ్చన, ఒకటి బురద, ఒకటి ఆకాశం రంగు. స్వర్ణముఖి పాయ వంకర తిరిగి సముద్రం వైపు పోవడం చూశాడు. అదిగో వాకాడు. ముఖ్యమంత్రిని కన్న ఊరు, నేదురుమల్లి వారి ఊరు, 2022 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారిన ఊరు. పైనుంచి చూస్తే గీత ఎక్కడా లేదు. మూడు నిమిషాలు. పక్క సీటు కుర్రాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మామ తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. ఏసీ గాలి పడలేదని చెప్పాడు.

తిరిగొచ్చాక టీ అంగడిలో మళ్ళీ సభ. అందరూ అడిగింది ఒకటే. "మామా, పోర్టు కనపడిందా?"

పోర్టు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. దుగరాజపట్నంలో కేంద్ర ప్రభుత్వం పెద్ద ఓడరేవు కట్టి, మొదటి దశ 2018 చివరికల్లా పూర్తి చేయాలని 2014 రాష్ట్ర విభజన చట్టంలో, పదమూడో షెడ్యూలులో రాసి ఉంది. మాటవరసకు అన్నది కాదు, పార్లమెంటు చేసిన చట్టం. ఊరి పేరు మాత్రం అందులో దుగ్గిరాజుపట్నం అని పడింది. బహుశా కట్టేవాళ్ళు ఆ పేరుగల ఊరు వెతుక్కుంటూ ఉండి ఉంటారు. ఆ తరవాత లాభం రాదన్నారు, పక్కన కృష్ణపట్నం ఉందిగా అన్నారు, శ్రీహరికోట అడ్డం అన్నారు. ఈమధ్య ఓడలు కట్టే కేంద్రం పెడతామంటున్నారు. మాకు ఏదయినా ఒకటే. తువ్వాల వేసి పన్నెండేళ్ళు కావస్తోంది, బస్సు ఇంకా రాలేదు.

మామ టీ చల్లార్చుకుంటూ చెప్పాడు. "ఎ సీటులోంచి జూసినా. కళ్ళజోడు బెట్టుకోని జూసినా. అది గూడా నా మొదటి ఇమానం సీటు లాంటిదేరా. పటంలో ఉండాది. కూసోని తిరిగి జూస్తే గోడ."

పాఠకులకు ఒక మనవి. మద్రాసు నుంచి విశాఖ పోయేటప్పుడు ఎడమ పక్క ఎ, వచ్చేటప్పుడు కుడి పక్క ఎఫ్. పోయేటప్పుడయితే విమానం లేచిన పది నిమిషాలకు, వచ్చేటప్పుడయితే దిగడానికి కాస్త ముందు, సినిమా ఆపి తెర పైకెత్తండి. సముద్రం ఒడ్డున రొయ్యల గుంటలు కనపడితే అదే మా ఊరు. పోర్టు కనపడితే మాత్రం వెంటనే కబురు చేయండి. మామ మళ్ళీ టికెట్ కొంటాడు.